సవరణ: టిస్సో పీఆర్ఎక్స్ పవర్‌మాటిక్ 80లో సెకన్ల ముల్లు వేగం

టిస్సో పీఆర్ఎక్స్ వాచీలో ఆటోమేటిక్‌ను (బ్యాటరీ లేకుండా, చేతి కదలికతో నడిచే రకాన్ని) గుర్తుపట్టడం గురించిన మా పాత పోస్టులో సెకన్ల ముల్లు సెకనుకు 8 అడుగులు వేయాలని ఉంది. అది తప్పు. సరైన లెక్క 6. ఆ వాక్యం నమ్మి అసలు వాచీని నకిలీ అనుకోవద్దు.

8 అడుగులు గంటకు 28,800 బీట్లతో (ఒక్కో బీట్‌కు ముల్లు ఒక అడుగు) నడిచే ఈటీఏ 2824-2 అనే మూవ్‌మెంట్‌వి, అంటే వాచీ లోపలి యంత్రానివి. పీఆర్ఎక్స్ ఆటోమేటిక్‌లో ఉండే పవర్‌మాటిక్ 80 మూవ్‌మెంట్‌కి ఆధారం అదే అయినా, వేగం 21,600కి తగ్గించారు. పవర్ రిజర్వ్ (పూర్తిగా వైండ్ అయ్యాక, తీసి పక్కన పెట్టినా నడిచే సమయం) 80 గంటలకు పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో తీసి చూడండి: ఒక్కో అడుగుకు దాదాపు 40 ఫ్రేములు పట్టాలి. 30 దగ్గర తేలితే లోపల వేరే మూవ్‌మెంట్ ఉన్నట్టే. టైమ్‌గ్రాఫర్ (వాచీ చప్పుడు విని వేగం కొలిచే పరికరం) తనంతట తాను బీట్ పట్టుకోకపోతే 21,600కి సెట్ చేయాలి.

డయల్ మీద చిన్న చిన్న చదరపు గడులు ఉంటేనే ఆటోమేటిక్ అని పాత పోస్టులో ఉన్న మాట కూడా తీసేశాం. గడులు లేని ఆటోమేటిక్‌లూ ఉన్నాయి. వెనక మూత మీది నంబర్ చూడండి: 40 మి.మీ.లో టీ137.407 ఆటోమేటిక్, టీ137.410 క్వార్ట్‌జ్ (బ్యాటరీతో నడిచేది). మూత నంబర్ కూడా నకిలీ చేయగలరు కాబట్టి, ముల్లు పరీక్ష మానొద్దు.

వాడిన వాచీకి ధర కట్టేటప్పుడు బ్రేస్‌లెట్ (లోహపు పట్టీ) విషయంలో కఠినంగా ఉండండి. అది కేస్‌తో కలిసిపోయిన డిజైన్. మామూలు పట్టీ దీనికి సరిపోదు. సైజు తగ్గించడానికి బ్రేస్‌లెట్ నుంచి తీసేసిన లింకులు అమ్మేవారు ఇవ్వకపోతే కొత్తవాటి ఖర్చు ధరలోంచి తగ్గించండి. బ్రష్ గీతలు చెరిగి, అంచులు గుండ్రబడితే ఎవరో అతిగా పాలిష్ పట్టారన్నమాట. పోయిన లోహం తిరిగి రాదు.