ప్లంబర్ గారికి తీరిక లేదు

మా వంటింటి కుళాయి వారం రోజులుగా కారుతోంది. దాని కింద ఒక మగ్గు పెట్టాను. మగ్గు మీద ఎర్ర టోపీ, గుబురు మీసం, నీలం ఓవరాల్స్‌తో ప్రపంచంలోకెల్లా పేరున్న ప్లంబర్ పిడికిలి పైకెత్తి గెంతుతున్నారు. చుక్కలు మాత్రం పడుతూనే ఉన్నాయి. రాత్రి రెండింటికి టప్ టప్‌మంటుంటే నాకొక న్యాయమైన సందేహం కలిగింది. వీడియో గేముల హీరో అయిన ఈ మారియో గారు సొంత వృత్తి పని చివరిసారి ఎప్పుడు చేశారు?

సర్వీసు రికార్డు తిరగేశాను. 1981లో 'డాంకీ కాంగ్' ఆటలో పనిలో చేరినప్పుడు ఆయన వడ్రంగి. 1983లో ప్లంబర్ అయ్యారు. ఏడాది తిరగకుండానే టెన్నిస్ కోర్టులో అంపైర్ కుర్చీ ఎక్కారు. 1987లో బాక్సింగ్ రింగులో రిఫరీ. 1990లో ఏకంగా డాక్టర్! ఏ కాలేజీలో చదివారో ఎవరూ అడగలేదు. నాడి చూడరు, నాలుక చాపమనరు, సీసాలోకి రంగురంగుల మాత్రలు విసురుతూ ఉంటారు. రంగుకు రంగు కలిసి వరుస కుదిరితే వైరస్ చస్తుంది, లేదంటే సీసా నిండిపోయి వైద్యం ముగుస్తుంది. ఆ తర్వాత పిల్లలకు టైపింగ్ కూడా నేర్పారు. చేతులకు ఆ లావుపాటి తెల్ల గ్లౌజులు వేసుకునే!

కూటి కోసం కోటి విద్యలంటారు, ఒప్పుకుంటాను. కానీ ఈయనకు కూటి కరువెక్కడిది? ఇటుకను గుద్దితే నాణెం రాలే మనిషి.

పుట్టుకలోనే కిటుకు ఉంది. సృష్టికర్త షిగేరు మియామోతో ఈయన్ని మొదట 'మిస్టర్ వీడియో' అనుకున్నారు. తాను చేసే ప్రతి ఆటలోనూ ఏదో ఒక మూల కనిపించే మనిషన్నమాట. అప్పటి తెర మీద నోరు గీయడానికి చుక్కలు చాలక మీసం పెట్టారు. జుట్టు గీయడం తలనొప్పి కాబట్టి టోపీ పెట్టారు. పేరు కూడా అరువే. ఈ ఆటలు తయారుచేసే జపాన్ కంపెనీ నింటెండో అమెరికాలో అద్దెకు తీసుకున్న గోదాము యజమాని మారియో సెగాలీది. రాయల్టీ చెక్కుల కోసం ఇంకా ఎదురు చూస్తున్నానని ఆయన ఒకసారి చమత్కరించారు కూడా.

ఇంత పొదుపుగా తయారైన మనిషి బొమ్మ ఇప్పుడు దేని మీద పడితే దాని ధర పెరుగుతుంది. 2021లో ట్యాగ్ హోయర్ కంపెనీ మారియో స్మార్ట్‌వాచీ తెచ్చింది. మొత్తం 2,000 వాచీలు, ఒక్కోటి 2,150 డాలర్లు. మీరు నడుస్తుంటే లోపల మారియో హుషారవుతారు, రోజు లక్ష్యం పూర్తయితే జెండా కర్ర పట్టుకుంటారు. అంటే కాళ్లు మనవి, చెమట మనది, జెండా ఆయనది. కాస్త లేచి నడవరా అని మా అమ్మ ఇరవయ్యేళ్లు ఉచితంగా చెప్పింది. ఆ మాటకు లిమిటెడ్ ఎడిషన్ ముద్ర లేకపోవడం వల్ల నేను వినలేదు.

2020లో లెగో వాళ్లు చేసిన మారియోకి కళ్లూ నోరూ పొట్టా చిన్న తెరలే. బాగుంది. అయితే ఆయనకు వేరే ప్యాంటూ టోపీ వేయాలంటే ఆ జత విడిగా కొనుక్కోవాలి. 2015లో బంగారు మారియో అమీబో (గేమింగ్ మెషీన్‌కు తాకిస్తే ఆటలో ఏదో ఒకటి దక్కే బొమ్మ) వచ్చింది. నిలబడ్డ తీరు మామూలు బొమ్మదే, బంగారం అంటే రంగు మాత్రమే. దానికే జనం ఎగబడ్డారు. వీటన్నిటికీ తలమానికం 2017 నాటి కెల్లాగ్స్ బ్రేక్‌ఫాస్ట్ సీరియల్ పెట్టె. ఆ ఖాళీ అట్టపెట్టెను నింటెండో వారి 'స్విచ్' గేమింగ్ మెషీన్ కంట్రోలర్‌కు తాకిస్తే ఆటలో మారియోకి నాణేలో హృదయాలో దక్కేవి. తిన్నది మనం, బలం పట్టింది ఆయనకు.

ఇక పరాయి ఆటల్లో అతిథి పాత్రల సంగతి. 2005లో ఒక ఆటలో బాస్కెట్‌బాల్, ఇంకో ఆటలో మంచు మీద పలకెక్కి జారుడు. 2017లో యూబీసాఫ్ట్ అనే గేముల కంపెనీ వారి వెర్రి కుందేళ్లతో కలిసి చేత తుపాకీ పట్టారు. ఇవన్నీ సరదాలే, వదిలేద్దాం. నేను మరిచిపోలేనిది 2007. అంతకు ముందు ఏళ్ల తరబడి మారియో అభిమానులూ, పోటీ కంపెనీ సెగా వారి హీరో సోనిక్ అభిమానులూ స్కూలు మైదానాల్లో నోళ్లు నొప్పి పుట్టేలా వాదించుకున్నారు. స్నేహాలు తెగాయి. తీరా సెగా సొంత గేమింగ్ మెషీన్లు చేయడం మానేశాక ఇద్దరూ చేయీ చేయీ కలిపి ఒలింపిక్స్ ఆటలో దిగారు. అందులో వంద మీటర్ల పరుగులో ఆ పొట్టి కాళ్ల మారియో, వేగమే వృత్తిగా బతికిన సోనిక్‌ని ఓడించగలరు! మేం కొట్టుకున్న దెబ్బలకు లెక్క ఎవరు చెబుతారు?

2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్ ముగింపు వేడుకకు జపాన్ ప్రధాని షింజో అబే మారియో వేషంలో పచ్చ పైపులోంచి పైకి వచ్చారు. టోక్యో నుంచి రియో దాకా భూగోళం గుండా పైపు! ప్లంబింగ్ చరిత్రలో ఇంతకు మించిన పనేముంది? చివరికి మన ప్లంబర్ పనిముట్లు బయటికి తీశారనుకుని మురిసిపోయాను. వీడియో మళ్లీ చూస్తే ఆ పైపు బిగించింది కార్టూన్ పిల్లి డోరేమాన్. మారియో అందులోకి దూకారు, అంతే.

నాలాంటి సందేహం ఆఫీసు వారికీ వచ్చినట్టుంది. నింటెండో జపాన్ వెబ్‌సైట్‌లో 2017లో ఆయన పరిచయం మారింది. చాలా కాలం క్రితం ప్లంబర్‌గా కూడా పనిచేశారట అన్న ధోరణిలో రాశారు. 'అట' అట! యజమానికే ఖాయంగా తెలియదు. 2018లో దిద్ది, మళ్లీ ప్లంబర్‌ని చేశారు. 2023లో 130 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసిన యానిమేషన్ సినిమాలో నిజంగానే ఒక ఇంటికి కుళాయి బాగు చేయడానికి వెళ్లారు. ఉన్న డబ్బంతా అప్పటికే టీవీ ప్రకటన మీద పెట్టేశారు. పని మొదలైన కాసేపటికే ఆ ఇంటి కుక్కతో గొడవై బాత్‌రూమ్ చెరువైంది. అప్పుడర్థమైంది నాకు, ఈయన మగ్గుల మీద ఉండటమే క్షేమమని.

నిన్న అసలు ప్లంబర్ వచ్చారు. టోపీ లేదు, మీసం కూడా అంతంత మాత్రమే. కుళాయి విప్పి చూసి, వాషర్ అరిగిపోయింది, రేపు తెస్తానన్నారు. వెళ్లబోతూ మగ్గు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మావాడి స్కూలు బ్యాగు మీద ఈయనే సార్. ఏం పని చేస్తాడండీ?"

చాలా పనులు చేస్తారండీ అన్నాను. మగ్గు తీసుకుని మళ్లీ కుళాయి కింద పెట్టాను.