హాల్లో ఉన్న రౌటర్ గారికి, వెనక గది నుంచి

మహారాజశ్రీ రౌటర్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ అంటే వెనక గది, అక్కడ అంటే హాలు. మధ్య దూరం ముప్పై అడుగులు. ఈ నాలుగు ముక్కలూ వాట్సాప్‌లో పంపుదామనుకున్నాను గానీ, మెసేజ్ పక్కన గడియారం గుర్తు వచ్చి కదలడం లేదు. అందుకే కాగితం మీద రాసి, నడిచొచ్చి మీ నెత్తిన పెడుతున్నాను.

నిన్న పొద్దున పది గంటలకు తిరుమల మూడొందల టికెట్లు వదిలారు. మీకు తెలియని సంగతేం కాదు. మా ఆవిడ మూడు రోజులుగా ఐదుగురి ఆధార్ నంబర్లూ మీ ముందే కూర్చుని నోట్‌బుక్కులో ఎక్కించింది. తొమ్మిదిన్నరకే తలస్నానం చేసి, ఫోను పట్టుకుని వెనక గదిలో కూర్చున్నాను. హాల్లో నా పక్కనే కూర్చోవచ్చుగా అంటారేమో. హాల్లో ఆ టైముకి మా అత్తయ్య గారి టీవీ ప్రవచనం, గజేంద్ర మోక్షం ఘట్టం. ఆ సౌండులో ఓటీపీ అంకెలు చదివితే ఒకటి కూడా బుర్రకెక్కదు.

క్యూ దాటాను. తేదీ దొరికింది. ఐదుగురి పేర్లూ వయసులూ కొట్టాను. డబ్బు కట్టే పేజీ సగం తెరుచుకుంది, చక్రం తిరగడం మొదలైంది. ఫోను పైన మీ వైఫై సిగ్నల్ గీత ఒకటి వెలుగుతూనే ఉంది. చక్రం తిరుగుతూనే ఉంది. హాల్లో గజేంద్రుడికి కూడా అంతసేపు పట్టలేదు. చివరికి పేజీ తెరుచుకునేసరికి ఆ తేదీ ఖాళీ.

మా పదో తరగతి వాడు వచ్చి చూసి, "వైఫై ఆపేసి డేటాతో కట్టేస్తే పోయేదిగా నాన్నా" అన్నాడు. రోజుకి రెండు జీబీ డేటా జేబులో పెట్టుకుని, నేను మీ గీత వంక చూస్తూ కూర్చున్నాను.

అయ్యా, మీ దగ్గర సిగ్నల్ లేదంటే నాకే బాధా లేదు. లేనివాణ్ణి ఎవరూ అప్పు అడగరు. అసలు గీతే లేకపోతే ఫోను దాని దారిన అది టవర్‌కి పోయేది. మీరు ఆ ఒక్క గీతా చూపించి, కింద 'కనెక్టెడ్' అని బోర్డు పెట్టి, దాన్ని కదలనివ్వలేదు. మీరు ఇవ్వరు, ఇంకో చోట తెచ్చుకోనివ్వరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని మా నాయనమ్మ అంటుండేది. ఎవరి గురించి అనేదో గానీ, నాకు మాత్రం నాలుగు కొమ్ములతో టీవీ వెనక కనిపించింది.

మధ్యాహ్నం అన్నం తిని మీ మీద విచారణ మొదలెట్టాను. మావాడు ఫోనులో సిగ్నల్ కొలిచే యాప్ వేశాడు. హాల్లో మైనస్ 44. వెనక గదిలో మైనస్ 84. నలభయ్యే కదా తేడా అనుకున్నాను. ఈ లెక్కలో పది తగ్గితే సిగ్నల్ బలం పదో వంతుకు పడిపోతుందట. అంటే నలభై తగ్గితే పదివేలో వంతు. పదివేల మెతుకుల్లో ఒక్క మెతుకు నా విస్తట్లో వేసి, భోజనం వడ్డించామని రాసుకున్నారన్న మాట.

మీకు రెండు పేర్లున్నాయి కదా, అందులో ఒకదాని చివర 5జీ అని ఉంటుంది. అది చూసి మా మామయ్య గారు మనింటికి కొత్త టవర్ వచ్చిందని బంధువులందరికీ చెప్పారు. అది ఆ 5జీ కాదు, ఐదు గిగాహెర్ట్జ్. వేగం ఎక్కువే, కాకపోతే తొమ్మిదంగుళాల గోడ అడ్డొస్తే నీరసపడిపోతుంది. రెండోది 2.4. అది గోడలు దాటుతుంది గానీ, అపార్ట్‌మెంటులో అందరి రౌటర్లూ ఆ ఇరుకులోనే కొట్టుకుంటున్నాయి. పైగా వంటింట్లో మైక్రోవేవ్ కూడా దాదాపు ఆ ఫ్రీక్వెన్సీలోనే పనిచేస్తుంది. అత్తయ్య గారు కాఫీ వేడి చేసుకుంటే నా మీటింగులో మేనేజర్ నోరు తెరిచి అలాగే ఉండిపోతాడు. ఈ ఒక్క విషయంలో మీ మీద నాకు కోపం లేదు.

మీ కొమ్ముల సంగతి. రెండేళ్లుగా నాలుగింటినీ వెనక గదికి గురిపెట్టి ఉంచాను, తుపాకుల్లాగా. తీరా చూస్తే సిగ్నల్ కొమ్ము కొసలోంచి రాదట, చుట్టూ పక్కలకి పరుచుకుంటుందట. కొసకి ఎదురుగా ఉన్నవాడికే తక్కువ అందుతుంది. అంటే రెండేళ్లుగా నాకు నేనే తక్కువ వడ్డించుకున్నాను. ఒక్కనాడైనా చెప్పావా?

మీరు అనడం నా వల్ల కావడం లేదు. నువ్వే అంటాను.

నిన్ను బిగించిన కుర్రాడు, "వైరు ఇక్కడిదాకే వస్తుంది సార్" అని కిటికీ పక్కన కన్నం వేసి, టీవీ వెనక తోసి పోయాడు. నీ వెనక గోడ, ముందు టీవీ రేకు. నా గదికీ నీకూ మధ్య, నడి గదిలో నైరుతి మూల ఆరడుగుల ఇనప బీరువా, దానికి నిలువెత్తు అద్దం. నీ సిగ్నల్ అక్కడిదాకా వచ్చి, అద్దంలో మొహం చూసుకుని వెనక్కి పోతోంది. బీరువా కదుపుదామంటే అత్తయ్య గారు ఒకటే మాట: "నైరుతిలో బరువు తీస్తే ఇంట్లో డబ్బు నిలవదు బాబూ." ఎలా నిలుస్తుందండీ, పద్దెనిమిది వందలు పెట్టి, నీ సిగ్నల్ అందుకుని మళ్లీ ముందుకు పంపే రిపీటర్ ఒకటి కొన్నానుగా! దాన్ని వెనక గదిలోనే పెట్టాను, బుద్ధి తక్కువై. దానికే సరిగా వినపడకపోతే అది నాకేం చెబుతుంది? ఫోనులో మాత్రం గీతలు నిండుగా చూపించింది. నీకు తగ్గ తమ్ముడు. ఇప్పుడది నడి గదిలో, బీరువాకి ఇవతల గుమ్మం పక్కన ఉంది, కాస్త మేలు. కస్టమర్ కేర్ వాళ్లు మాత్రం నేను ఏం చెప్పినా "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అన్నారు.

ఆఖరికి సాయంత్రం ఐదింటికి, ఆ సన్నటి పసుపు వైరు మడత పడకుండా ఊపిరి బిగబట్టి, నిన్ను టీవీ వెనక నుంచి తీసి గుమ్మం పైన అటక మీదికి ఎక్కించాను. కొమ్ములు నిటారుగా నిలబెట్టాను. వెనక గదికి పోయి చూస్తే మైనస్ 73. పది రెట్లకు పైనే. ఏం కొనలేదు, ఎవరినీ పిలవలేదు. స్టూలు ఎక్కి దిగాను, అంతే. రెండేళ్లు!

వచ్చే ఆదివారం ఎలక్ట్రీషియన్ వచ్చి నీ దగ్గర్నుంచి వెనక గదికి, నెట్ మోసే లాన్ వైరు లాగుతాడు. తెల్ల గోడ మీద వైరు కనపడకూడదని మా ఆవిడ షరతు. ఫోనులో, వైఫై బలహీనంగా ఉంటే డేటాకి మారే సెట్టింగు మావాడు ఆన్ చేసి పెట్టాడు, నీ మీద నమ్మకం లేక.

అన్నట్టు, పైకి ఎక్కించేటప్పుడు నీ మీద అత్తయ్య గారు అల్లిన ఊలు తొడుగు తీశాను. ఏమీ అనలేదు, మడిచి దాచుకున్నారు. పోయిన దసరాకి ఆవిడ నీకు పెట్టిన బొట్టు ఇంకా చెరగలేదు. సరిగ్గా లైటు మీద పెట్టారు. అది చూసి ఎర్ర లైటు వెలుగుతోందని ఆ వారం నేను రెండుసార్లు కంప్లయింట్ ఇచ్చాను. ఇవాళ తడిగుడ్డతో తుడవబోయి ఆగాను. ఈ దసరాకి కాస్త పక్కన పెట్టమని చెబుతాలే.

ఇట్లు,
వెనక గది వాడు