లెక్క అడిగితే ప్రైవేటా?

2025 మే 22న అమెరికా సుప్రీంకోర్టు ఒక్క వాక్యంలో తేల్చేసింది, నిజానికి తేల్చకుండా వదిలేసింది. ఓక్లహోమాలో సెయింట్ ఇసిడోర్ అనే క్యాథలిక్ ఆన్‌లైన్ బడిని ప్రజల సొమ్ముతో చార్టర్ స్కూలుగా, అంటే ప్రభుత్వ నిధులు తీసుకుంటూ విడి నిర్వాహకుల చేతిలో నడిచే బడిగా, నడపొచ్చా అన్న కేసులో న్యాయమూర్తులు 4-4గా చీలిపోయారు. అమీ కోనీ బారెట్ విచారణ నుంచి తప్పుకోవడంతో తొమ్మిదో ఓటు లేకుండా పోయింది. కుదరదన్న రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు అలాగే నిలిచింది. ఎవరు ఎటు ఓటేశారో చెప్పలేదు, కారణాలు రాయలేదు, మిగతా రాష్ట్రాలకు ఇది వర్తించదు కూడా. అంటే రేపు ఇంకో రాష్ట్రం నుంచి ఇంకో బడి ఇదే వాదన పట్టుకుని వస్తుంది, అప్పుడు తొమ్మిదిమందీ కూర్చోవచ్చు. హమ్మయ్య అనుకుంటున్నవాళ్లు తొందరపడుతున్నారు.

మతం సంగతి ఎలాగూ పెద్దదే. మాకు ఎక్కువ కంగారు పుట్టిస్తున్నది ఆ బడి తరఫున వినిపించిన వాదన. మేం ప్రైవేటు సంస్థ, ప్రభుత్వంతో మాకున్నది కాంట్రాక్టు మాత్రమే, కాబట్టి మతసంస్థ అని పక్కన పెడితే అది వివక్ష అన్నారు. ఓక్లహోమా చట్టమేమో చార్టర్ స్కూలంటే పబ్లిక్ స్కూలేనని రాసుకుంది. ఆ చట్టం కిందే దరఖాస్తు పెట్టి, ఆ చట్టం కిందే డబ్బు అడిగి, తీరా అదే చట్టంలోని షరతు అడ్డొచ్చేసరికి మేం వేరే అంటే ఎలా? ఈ పేచీని కోర్టుకు తీసుకెళ్లింది వామపక్షాలు అనుకునేరు, ఆ రాష్ట్ర రిపబ్లికన్ అటార్నీ జనరల్ జెంట్నర్ డ్రమండే.

చార్టర్ స్కూళ్ల ఆలోచన పుట్టినప్పుడు ఉద్దేశం ఇది కాదు. మసాచుసెట్స్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రే బడ్డీ 1970లలో చెప్పిన మాటను 1988లో దేశం ముందు పెట్టినవాడు ఆల్బర్ట్ షాంకర్, సాక్షాత్తూ ఒక టీచర్ల యూనియన్ అధ్యక్షుడు! కొందరు టీచర్లు కలిసి కొత్త పద్ధతిలో పాఠం చెప్పుకుంటామంటే కొన్నేళ్లు చెప్పుకోనివ్వండి, పనికొస్తే మిగతా బడులు నేర్చుకుంటాయి అన్నది ఆయన లెక్క. 1991లో మిన్నెసోటా మొదటి చట్టం చేసింది, మరుసటి ఏడాది సెయింట్ పాల్‌లో సిటీ అకాడమీ తెరుచుకుంది. ఇంకొన్నేళ్లకే కంపెనీలు దిగడం చూసి షాంకరే ఎదురు తిరిగాడు. ఇప్పుడు అక్కడ సుమారు 37 లక్షల మంది పిల్లలు ఈ బడుల్లోనే ఉన్నారు. ఒప్పందం మాత్రం మొదటినుంచీ ఒకటే, రూల్స్ తగ్గిస్తాం, బదులుగా లెక్క చెప్పండి.

ఆ లెక్క దగ్గరే ప్రతిసారీ గోడమీద పిల్లివాటం. నార్త్ కరోలినాలో చార్టర్ డే స్కూల్ అని ఒకటుండేది. అక్కడ ఆడపిల్లలు స్కర్టులే వేసుకోవాలి, ప్యాంటు వద్దు అని రూలు ఉండేది. చలికాలమైనా అంతే. చిన్నపిల్లలు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలన్నా, ఆటల టైములో గెంతాలన్నా ఇబ్బందే అయ్యేది. ఎందుకీ రూలని ఒక తల్లి అడిగితే, స్త్రీ సుకుమారమైన పాత్ర లాంటిది, మగవాళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి అనే అర్థంలో జవాబు రాశాడు దాని వ్యవస్థాపకుడు. కేసు వేస్తే బడి ఏమందో తెలుసా, మేం ప్రభుత్వంలో భాగం కాదు కాబట్టి రాజ్యాంగంలోని సమానత్వం మాకు వర్తించదు అంది. నడిచేదేమో ప్రజల డబ్బుతో. 2022లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ మాటను కొట్టేసింది కాబట్టి సరిపోయింది.

ఒహాయోలో ఈకాట్ అనే ఆన్‌లైన్ చార్టర్ బడిది ఇంకో కథ. పేర్లు నమోదైన పిల్లలు 15 వేల పైచిలుకు. నిజంగా లాగిన్ అయి చదువుతున్నారా, చూపించండి అని రాష్ట్రం అడిగింది. రికార్డులతో రుజువైనవాళ్లు సగం కూడా తేలలేదు. చదువుకునే అవకాశం ఇవ్వడం వరకే మా బాధ్యత, వాళ్లు చదివారో లేదో చూపించాలని చట్టంలో లేదు అని కోర్టులో వాదించారు. బడి కాంట్రాక్టులు వెళ్లిందేమో స్థాపకుడి సొంత కంపెనీలకే. చివరికి 2018 జనవరిలో, చదువుల మధ్యలో, దాదాపు 12 వేల మంది పిల్లల్ని రోడ్డున వదిలేసి మూతపడింది. ఇక కోవిడ్ రోజుల్లో రాష్ట్రాల నుంచి నిధులు వస్తూనే ఉన్నా, చిన్న వ్యాపారాల కోసం పెట్టిన లోన్లకు కూడా చేతులు చాచిన చార్టర్లు కొన్ని ఉన్నాయి. ఒక కౌంటర్‌లో పబ్లిక్, పక్క కౌంటర్‌లో ప్రైవేటు.

మంచి చార్టర్లు లేవా అంటే ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల 2023 నివేదిక నగరాల్లోని పేద నల్లజాతి, లాటినో పిల్లలు చార్టర్లలో మెరుగ్గా చదువుతున్నారని చెప్పింది, కాదనం. అదే నివేదిక ఆన్‌లైన్ చార్టర్లలో పిల్లలు బాగా వెనకబడ్డారనీ చెప్పింది. సెయింట్ ఇసిడోర్ కూడా ఆన్‌లైన్ బడే, ఆ సంగతి మాత్రం దాని మద్దతుదారులు ఎత్తరు.

రాబోయేది ఇంతకన్నా తేలిగ్గా ఉండదు. చార్టర్లకిచ్చే ఫెడరల్ నిధులను ట్రంప్ ప్రభుత్వం 2025 మేలోనే 50 కోట్ల డాలర్లకు పెంచింది. టెక్సాస్ ఏకంగా 100 కోట్ల డాలర్లతో ప్రైవేటు బడి ఫీజులకు ప్రజాధనం ఇచ్చే చట్టం చేసుకుంది. ఈ ఊపులో మేమూ ప్రైవేటే అన్న వాదన ఒక్కసారి ఢిల్లీ సుల్తానుల ఫర్మానాలా సుప్రీంకోర్టు ముద్ర వేయించుకుందంటే, స్పెషల్ నీడ్స్ ఉన్న పిల్లాణ్ణి చేర్చుకోమన్నప్పుడు, ఆడిట్‌కి రమ్మన్నప్పుడు, టీచర్‌ని ఎందుకు తీసేశారని అడిగినప్పుడు ఒకటే జవాబు వస్తుంది. ఈ ప్రమాదం చార్టర్ స్కూళ్ల జాతీయ సంఘానికే అర్థమై ఓక్లహోమా బడికి వ్యతిరేకంగా కోర్టుకు చెప్పుకుంది. సొంత ఇంటివాళ్లే వద్దంటున్నారు, ఇంకేం కావాలి?

అరిజోనాలో, టెక్సాస్‌లో చార్టర్ సీట్ల లాటరీలో పేరు వస్తుందా రాదా అని టెన్షన్ పడే మన తెలుగు తల్లిదండ్రులకూ ఒక మాట. సీటు దొరికిందని గ్రూపులో స్వీట్ల ఫొటోలు పెట్టండి, తప్పు లేదు. ఆ బడి బోర్డులో ఎవరున్నారు, బిల్డింగ్ అద్దె ఎవరి జేబులోకి పోతోంది, ఏడాది మధ్యలో ఎంతమంది పిల్లల్ని పంపేశారు, ఇవి కూడా అడగండి. ఇండియాలో కార్పొరేట్ కాలేజీని ఏమీ అడగలేకపోయామని వాపోయేవాళ్లు, అడిగే హక్కు చట్టమే ఇచ్చిన చోట నోరు మూసుకుని కూర్చుంటే ఇంకెవర్ని తిట్టాలి?

చార్టర్ యజమానులకైతే మొహమాటం అక్కర్లేదు. పబ్లిక్ అని బోర్డు పెట్టుకుని, పన్నులు కట్టేవాళ్ల డబ్బు తీసుకున్నాక పుస్తకాలు తెరిచి చూపించాల్సిందే, ఏ పిల్లనీ పిల్లాణ్ణీ గుమ్మం దగ్గర ఆపకుండా చేర్చుకోవాల్సిందే. అది ఇష్టం లేదా, రేపే ఆ బోర్డు పీకేసి, తీసుకున్న సొమ్ము తిరిగి కట్టి, ఫీజులు వసూలు చేసుకుని బతకండి.