ఏడు స్టేజీల ఫిల్టరు గారికి ఒక కొనుగోలుదారు విన్నపం

మహారాజశ్రీ ఏడు స్టేజీల ఆర్‌ఓ-డీఐ గారికి,

ఉభయకుశలోపరి, రాయునది ఏమనగా: ఇంట్లో రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం, పెట్టబోతున్నాం, కుళాయి నీళ్లలో కరిగినవన్నీ తీసేసే పని ఎవరికి అప్పగించాలా అని వెతుకుతుంటే మీ ఫొటో కనపడింది. బాగున్నారు. వరసగా గొట్టాలు, పైన ప్రెషర్ గేజి, పెట్టె మీద అరచెయ్యంత 7. మీ పక్కన నాలుగు స్టేజీల మీ తమ్ముడు పేదింటి చుట్టంలా ఉన్నాడు పాపం.

తీరా మూతలు విప్పి చూస్తే మీ ఏడుగురిలో ఉన్నది నాలుగు రకాలే. మడ్డి పట్టే సెడిమెంట్ ఫిల్టర్లు రెండు, కార్బన్ బ్లాకులు రెండు, కరిగిన ఉప్పుల్ని ఆపే మెంబ్రేన్ ఒకటి, దాన్ని దాటొచ్చిన కాస్తనీ పట్టే డీఐ రెజిన్ రెండు. అంటే ఒక్క మెంబ్రేన్ తప్ప అందరూ కవలలే! కవలలు దండగ అనట్లేదు. కుళాయి నీళ్లలో క్రిములు చావడానికి క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) కలిపే చోట రెండో కార్బన్ నిజంగానే కావాలి, అది క్లోరమిన్‌ని విడగొట్టాక మిగిలే అమ్మోనియాని పట్టడానికి చివర రెజిన్ కూడా ఉండి తీరాలి. కానీ మా కుళాయిలో ఏమొస్తోందని మీరు ఒక్క మాటైనా అడిగారా? అందరికీ ఒకటే మంత్రం, ఏడు.

పనంతా చేసేది మెంబ్రేన్, దాన్నేమో మీరు ఏడుగురిలో ఒకడిగా నిలబెట్టారు. కుళాయి నీళ్ల టీడీఎస్, అంటే కరిగి ఉన్న వాటి మొత్తం, 300 పీపీఎం (పది లక్షల వంతుల్లో 300) అనుకుందాం. 98 శాతం ఆపే మెంబ్రేన్ అయితే రెజిన్ దాకా వచ్చేది 6 పీపీఎం. 90 శాతమే ఆపేదైతే 30. చూడ్డానికి 8 శాతం తేడానే, రెజిన్ మాత్రం ఐదు రెట్లు తొందరగా చేతులెత్తేస్తుంది. ఆ రెజిన్ మళ్లీ మళ్లీ అమ్ముకునేది మీవాళ్లే కాబట్టి ఈ లెక్క పెట్టె మీద ఎందుకు లేదో నేను అడగను.

రోజుకి ఇన్ని గ్యాలన్లు అనే కోతలు ఇంకో రకం. 75 గ్యాలన్లంటే దాదాపు 284 లీటర్లు, సరే, కానీ ఆ అంకె 25 డిగ్రీల నీళ్లకి, దండిగా ప్రెషర్ ఉన్న కుళాయికి రాసుకున్నది. నీళ్లు చల్లబడితే డిగ్రీకి సుమారు 3 శాతం తగ్గుతుంది. ప్రెషర్ 40 పీఎస్ఐ కిందకి దిగిందా, ఇక చుక్క చుక్కే, పైగా ఉప్పుని ఆపడం కూడా మందగిస్తుంది. అలాంటి ఇంటికి కావాల్సింది ఏడో స్టేజీ కాదు, బూస్టర్ పంపు. అది మీతో రాదు.

మీతో ఫ్రీగా వచ్చే టీడీఎస్ మీటరు గారి సంగతి కూడా చెప్పాలి. సున్నా చూపించి మీసం మెలేస్తారు. ఆయన చూసేది నీళ్లలో కరెంటు ఎంత పారుతోందో అంతే, సిలికా లాంటివి ఆయన కంటికి సరిగ్గా ఆనవు. రెజిన్ అలిసిపోయినప్పుడు ముందు జారిపోయేవాటిలో అదీ ఒకటి. ఇంకేముంది, తెల్లటి ఇసుక మీద సిలికాతో పెరిగే గోధుమరంగు నాచు పొర, తుడిచిన మర్నాటికి మళ్లీ అదే పొర, మీటరు మీద మాత్రం సున్నా.

ఇన్ని ఆరాలు ఎందుకంటే ట్యాంకులోంచి ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే. వాటితో వచ్చినవన్నీ అక్కడే ఉండిపోతాయి, రోజూ పోసే నీళ్లతో ఇంకొంచెం చేరుతుంటాయి. చేప తట్టుకునే రాగి లోహం రొయ్యకి ప్రాణాంతకం. తాగే నీళ్ల ఫిల్టరు చాలదా అంటారు కొందరు. అదేమో చాలాసార్లు రుచి కోసం మళ్లీ ఖనిజాలు కలిపి ఇస్తుంది, మన పగడాలకి కావాల్సిన కాల్షియం, మెగ్నీషియం ట్యాంకు నీళ్లలో కలిపే ఉప్పు పాకెట్‌లోనే వస్తాయాయె.

కాబట్టి మీ తమ్ముణ్ణే తెచ్చుకుంటున్నాం. 98 శాతం మెంబ్రేన్, కాలవకి పోయే నీళ్లని అదుపు చేసి దాని మీద ప్రెషర్ నిలిపే సరైన ఫ్లో రెస్ట్రిక్టర్, దాన్ని కడిగే ఒక ఫ్లష్ వాల్వ్. మిగిలిన డబ్బుతో పంపు. ఆగి ఉన్నప్పుడు మెంబ్రేన్ అవతలికి ఉప్పు పాకుతుంది కాబట్టి, ఆన్ చేయగానే వచ్చే మొదటి నీళ్లని రెజిన్ దాకా పోనివ్వకుండా బయటికి వదిలే చిన్న కుళాయి కూడా పెట్టుకుంటాం. అది మీ ఏడు స్టేజీల్లో ఎక్కడా లేదు.

ఇట్లు,
మీరు వదులుకున్న బేరం

తా.క.: ఒక లీటరు మంచి నీళ్లకి మూడు, నాలుగు లీటర్లు కాలవకి పంపిస్తారట కదా. ఆ సంగతి పెట్టెకి ఏ పక్కన రాశారు? ఆరు పక్కలా తిప్పి చూశాను.