పాతాళ ప్రయాణానికి సిద్ధమవుతున్న బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) గారికి

మహాశయా,

విద్యుత్ కేంద్రాల పొగలోంచి తమరిని పట్టి నేలలో పూడ్చే ‘కార్బన్ క్యాప్చర్’ పుణ్యమా అని, తమరు ఇకపై ఆకాశమార్గం మాని భూగర్భంలో కాపురం పెట్టబోతున్నారని విని, గుంటూరు వాసిగా, అందునా మిర్చి కోల్డ్ స్టోరేజీల అద్దె లెక్కలు వింటూ పెరిగినవాడిగా, ఆ కాపురం ఖర్చు గురించి నాలుగు మాటలు విన్నవించుకుంటున్నాను.

ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలాంటి చోట పొగలో తమరి వాటా ఎనిమిదో వంతుకు అటూ ఇటూ. మిగిలినది చాలావరకు నత్రజని. ఆ గుంపులోంచి తమరిని ఏరి, తమరిని పీల్చుకునే అమైన్ అనే రసాయన ద్రావణంలో కలిపి, ఆవిరితో కాచి మళ్లీ విడదీసి, వాతావరణ పీడనానికి సుమారు నూరు రెట్లు అదిమి గొట్టంలోకి ఎక్కించి, 800 మీటర్లకు దిగువన దింపాలి. ఈ మర్యాదలకు కేంద్రం శక్తిలో ఐదో వంతు నుండి నాలుగో వంతు దాకా హరించుకుపోతుంది గనుక, అంతే కరెంటు ఇవ్వాలంటే మరింత బొగ్గు కాల్చి తమరి బంధువర్గాన్నే ఇంకొంత పెంచవలసి వస్తుంది.

మా ఊళ్లో మిర్చి టిక్కీలకు (బస్తాలకు) అద్దె కట్టే రైతు రేపు ధర పెరుగుతుందనే ఆశతో కడతాడు. తమరి విషయంలో సరుకు ఎన్నటికీ బయటికి రాకపోవడమే లాభం, వస్తేనే నష్టం. పైగా గడువు వందల ఏళ్లు. అన్నేళ్ల కాపలా ఖర్చు ఎవరి పద్దులో రాయాలన్న ప్రశ్న వచ్చేసరికి అందరూ పక్కవాడి వైపు చూస్తారు. అదే బొగ్గులో పుట్టిన బూడిద తమకంటే నయం. ఇటుకలకూ సిమెంటుకూ దాన్ని మోసుకుపోయే లారీలున్నాయి.

తమరిని పూడ్చడం అసాధ్యమని నా అభిప్రాయం కాదు. నార్వే ప్రభుత్వం 1991లో తమరిపై పన్ను వేసింది. గాలిలోకి వదలడం కంటే పూడ్చడమే చవకని తేలాక, 1996 నుండి స్లైప్నర్ అనే సహజవాయు క్షేత్రంలో సముద్రగర్భం కింద, తొలి రెండు దశాబ్దాలూ ఏటా పది లక్షల టన్నులకు అటూ ఇటూగా పూడ్చారు. అయితే అక్కడి సహజవాయువు అమ్ముడుపోవాలంటే తమరిని ఎలాగూ వేరుచేయక తప్పదు, కాబట్టి తమరిని పట్టుకునే ఖర్చు ముందే గిట్టింది. టెక్సస్‌లో, ఒక బొగ్గు విద్యుత్ కేంద్రం పొగను పట్టే దాదాపు వంద కోట్ల డాలర్ల పెట్రా నోవా ప్రాజెక్టులో, తమరిని 2017 నుండి పాత చమురు బావుల్లోకి పంపి మిగిలిన చమురును పైకి నెట్టించారు. 2020లో చమురు ధర పడిపోగానే తమరి ప్రయాణమూ ఆగి, మళ్లీ 2023లో గానీ మొదలు కాలేదు. అంటే తమరు పాతాళానికి వెళ్లినది వాతావరణం మీద దయతో కాదు, పీపా ధరను చూసుకుని.

మన దేశంలో 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయలతో మొదలైన సుంకం 2016 నాటికి 400కు చేరి, మరుసటి ఏడాది రాష్ట్రాలకిచ్చే జీఎస్టీ నష్టపరిహారపు పద్దులో కలిసిపోయింది. టన్ను బొగ్గుకు తమరు టన్నున్నర దాకా పుడతారని లెక్కిస్తే, తమరి టన్నుకు పడినది సుమారు 270 రూపాయలు. అదే తమరిని పట్టుకోవడానికి, విద్యుత్ కేంద్రాల వంటి చోట్ల టన్నుకు 40 నుండి 120 డాలర్లవుతుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2021లో అంచనా కట్టింది. యూనిట్ బొగ్గు కరెంటుకు తమరు కిలోకు కాస్త అటూ ఇటూగా తూగుతారు. అందువల్ల ఆ అంచనాలో అడుగుమెట్టు మీద నిలబడినా, గొట్టం ఖర్చూ గోదాము ఖర్చూ కలపకుండానే, యూనిట్‌కు మూడు రూపాయల పైమాటే.

ట్రూ అప్, ఇంధన సర్దుబాటు వగైరాలతో ఇప్పటికే కిక్కిరిసిన మా కరెంటు బిల్లులో తమరి ప్రయాణానికి ఏ పేరు పెట్టనున్నారో కాస్త ముందుగా తెలియజేస్తే, ఆ పేరుకు అర్థం కనుక్కునేలోగా గడువు తేదీ దాటిపోకుండా చూసుకుంటాము.

ఇట్లు,
తమరి ఉత్పత్తిలో యథాశక్తి భాగస్వామి అయిన
ఒక గృహ వినియోగదారుడు,
గుంటూరు.