మాట్లాడుకోవడానికీ హామీపత్రమా?

హనుమకొండలోని ఒక ప్రభుత్వ సభామందిరంలో ఆదివారం జరగాల్సిన చరిత్ర-సాహిత్య గోష్ఠి జరగలేదు. అద్దె కట్టించుకుని రసీదు ఇచ్చినవారే శనివారం పొద్దుగూకాక ఫోన్ చేసి రద్దు చేశామన్నారు. వక్తల ప్రసంగ పాఠాలు ముందుగా అందలేదట. 'స్థానిక సమస్యలు, రాజకీయాలు ప్రస్తావించబోము' అన్న హామీపత్రం మీద నిర్వాహకులు సంతకం పెట్టలేదట. ఓరుగల్లులో నలుగురు కూర్చుని తమ ఊరి ముచ్చట చెప్పుకోవడానికి హామీపత్రం!

శాంతిభద్రతలు చూడటం అధికారుల బాధ్యతే, హాలుకు నియమాలూ ఉండాల్సిందే. సభ ఎన్ని గంటలకు, ఎంతమంది వస్తారు, మైకు ఎప్పుడు ఆపుతారు అని అడగండి, చెబుతారు. ఏం మాట్లాడతారో రాసిమ్మనే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

ఈ గడ్డకు ఇలాంటి షరతు కొత్త కాదు. నిజాం జమానాలో గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు చేసింది ఇదే. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి ముందుగా చేతిలో ఉండాలి. ఆ రోజుల్లోనే ఓరుగల్లులో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు పెడితే రజాకార్లు పందిళ్లు తగలబెట్టారు. అయినా కాళోజీ, ఆయన మిత్రులు వెనక్కి తగ్గలేదు, సభలు జరిపి చూపారు. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లో వెలిసిందంటే, తెలుగు చదవడం, తెలుగులో మాట్లాడుకోవడం ఈ ఊరు ఎంత ముందుగా మొదలుపెట్టిందో తెలుస్తుంది. అలాంటి చోట ఒక కౌంటరు దగ్గర కాగితం ముందుకు తోసి, ఫలానాది మాట్లాడబోమని రాసిమ్మంటున్నారు.

ఆదివారం నాటి అంశం కాకతీయుల చెరువులు. పాకాల, రామప్ప, లక్నవరం గురించి చెప్పుకోవచ్చు గానీ స్థానిక సమస్యలు ఎత్తొద్దంటే ఎలా? గొలుసుకట్టు చెరువుల్లో ఒకదాని అలుగు నీళ్లు కిందిదానికి ఎలా చేరేవో వివరిస్తే, ఆ వాగు దారి ఇప్పుడు ఎవరి ప్రహరీ కింద ఉందని వెనక వరుసలోంచి ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు మంచాల మీద సామాను పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నవాళ్లు ఆ హాలుకు నడిచి వచ్చేంత దూరంలోనే ఉన్నారు. కాకతీయుల చెరువును పొగిడి నేటి నాలాను మరిచిపొమ్మంటే అది చరిత్ర గోష్ఠి కాదు, సన్మాన సభ.

మా ఆందోళన ఒక్క సభ గురించి కాదు. ఈ షరతు ఆనవాయితీ అవుతుందన్నదే అసలు భయం. నేడు ప్రసంగ పాఠం అడిగినవారు రేపు కవి సమ్మేళనానికి కవితలు తెమ్మంటారు, ఎల్లుండి పుస్తకావిష్కరణకు పుస్తకమే ముందుగా పంపమంటారు. ఒక హాలులో చెల్లిన కాగితం జిల్లాలోని ప్రతి హాలుకూ పాకుతుంది. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో 'వరంగల్‌లో అడుగుతున్నారుగా' అంటారు. ఈ ప్రభుత్వం పెట్టిన ఆనవాయితీని వచ్చే ప్రభుత్వం ఇంకా గట్టిగా వాడుతుంది. నేడు అధికారంలో ఉన్నవారు ప్రతిపక్షంలో కూర్చున్న రోజున అదే కాగితం వాళ్ల ముందుకూ వస్తుంది. భావప్రకటనకూ, శాంతియుతంగా సమావేశం కావడానికీ రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చిన హక్కును ఒక బుకింగ్ ఫారం కొట్టేయలేదు.

'పైనుంచి చెప్పారు' అన్న జవాబు చాలదు. ఎవరు చెప్పారో, ఏ ఉత్తర్వు ప్రకారం చెప్పారో బయటపెట్టండి. ఉత్తర్వే లేకపోతే హామీపత్రం రాసినవారి పేరు చెప్పండి. షరతును రాతపూర్వకంగా వెనక్కి తీసుకుని, అదే హాలులో అదే వక్తలతో సభకు తేదీ ఇవ్వండి. తెలంగాణ భాషా దినోత్సవమంటూ సెప్టెంబరు 9న కాళోజీ విగ్రహానికి దండ వేయాలనుకుంటే, ఆలోగా ఈ పని ముగించుకుని రండి.