మనసు లోతు అంటే ఎకో కాదు నాయనా

మొన్న తెలిసిన కుర్రాడొకడు ఫోన్‌లో ట్రాక్ వినిపించాడు. "అన్నా, సబ్‌కాన్షస్ మీద చేశా" అన్నాడు. మొదట గాలి హోరు. తర్వాత ఎవరో ఆడమనిషి గుసగుస. దాని మీద బండెడు ఎకో. నాలుగు నిమిషాలూ అదే. "బాగుందిరా" అన్నా, మొహమాటానికి. ఇంటికొచ్చాక నా మీద నాకే చిరాకేసి ఇది రాస్తున్నా.

సైకోఎనాలిసిస్, అంటే మనసులో దాగినదాన్ని మాటలతోనే బయటికి తీసే వైద్యం, అనగానే మనకు చీకటీ పొగా ఎందుకు గుర్తొస్తాయో! ఆ డాక్టర్ గదిలో జరిగేది చాలా మామూలు సంగతి. ఒకరు పడుకుని మాట్లాడతారు, ఇంకొకరు వింటారు. మాట్లాడే మనిషి ఉన్నట్టుండి ఒకచోట ఆగిపోతాడు. ఎందుకు ఆగాడన్నదే అక్కడ అసలు పని. పాట కట్టేవాడికి ఇంతకంటే ముడిసరుకు ఏం కావాలి?

దీన్ని పట్టుకున్నవాడు సంగీతకర్త కర్ట్ వైల్. నాజీలొచ్చాక 1933లో జర్మనీ వదిలి వచ్చిన మనిషి. 1941 జనవరిలో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో ఆయన సంగీతం కట్టిన నాటకం 'లేడీ ఇన్ ద డార్క్' ఆడింది. రాసిన మాస్ హార్ట్ తానే డాక్టర్ దగ్గర ఎనాలిసిస్ చేయించుకున్నవాడు. నాటకానికి మొదట అనుకున్న పేరు 'నేను వింటున్నాను'. పాటల్లో మాటలు ఐరా గెర్ష్విన్‌వి.

కథలో లైజా ఫ్యాషన్ పత్రిక ఎడిటర్. చిన్నప్పటి పాట ఒకటి ఆమెను వదలదు. మొదటి ముక్క నోట్లో ఆడుతుంది, ఆ తర్వాత మాటలు రావు. వైల్ చేసిన పని చూడండి. ఆఫీసులో, డాక్టర్ గదిలో అంతా ఉత్త మాటలే, పాట లేదు. ఆమె ఆ ముక్క కూనిరాగం తీస్తే కల మొదలవుతుంది. కలల్లో కోరస్, పెళ్లి, సర్కస్, అన్నీ మోగిపోతాయి. ఆ ఒక్క పాట మాత్రం పూర్తవదు. చివరికి జ్ఞాపకం విడిపడి, మెలకువలోనే మొత్తం పాడుతుంది. విన్నవాళ్లు రెండు గంటలుగా ఆ మిగతా లైన్ల కోసమే కూర్చుని ఉంటారు. రోగం ట్యూన్‌లోనే ఉంది, ఎకోలో కాదు.

ముగింపు మీద మాత్రం నాకు పేచీ ఉంది. అంత చదువూ హోదా ఉన్న మనిషికి నయమవడం అంటే, రోజూ తనతో గొడవపడే మగాడికి తన ఎడిటర్ కుర్చీలో చోటివ్వడమా? ట్యూన్‌కున్న తెలివి కథకు లేదు.

ఇంకో సంగతి. 1910 ఆగస్టులో హాలండ్‌లోని లైడెన్‌లో సంగీతకర్త గుస్తావ్ మాలర్, సైకోఎనాలిసిస్‌కి ఆద్యుడైన ఫ్రాయిడ్‌ని కలిశాడు. గంటల తరబడి ఊరంతా నడుస్తూ మాట్లాడుకున్నారు. చిన్నప్పుడు ఇంట్లో అమ్మానాన్నలు ఘోరంగా కొట్లాడుకుంటుంటే తట్టుకోలేక వీధిలోకి పరిగెత్తాడట మాలర్. అక్కడ ఎవరో చేత్తో తిప్పే పెట్టె వాద్యం మీద అందరికీ తెలిసిన హుషారు పాట వాయిస్తున్నాడు. అప్పట్నించి తన మనసులో గొప్ప దుఃఖమూ చవకబారు హుషారూ ఒకదానికొకటి అతుక్కుపోయాయని చెప్పుకున్నాడు. మాలర్ పెద్ద ఆర్కెస్ట్రాకి కట్టిన మొదటి సింఫనీలో శవయాత్ర నడకలో సాగే సంగీతం మధ్యలోకి సంత బ్యాండు దూరడం వినండి, అర్థమవుతుంది. ఏడుపు మీద ఏడుపు వాయిద్యం పేర్చేవాళ్లకి ఇది తట్టదు.

విచిత్రమేంటంటే ఫ్రాయిడ్‌కి సంగీతం పడదు. 1914లో మైకెలాంజెలో మోషే శిల్పం మీద రాసిన వ్యాసంలో తనే ఒప్పుకున్నాడు. ఎందుకు కదిలిపోతున్నానో తెలీకుండా కదిలిపోవడం ఆయనకు ఇష్టం లేదట. పాపం!

నిన్న మళ్లీ ఆ కుర్రాడికి ఫోన్ చేశా.

"ఒరేయ్, నీకు సగమే గుర్తున్న పాట ఏదన్నా ఉందా?"

కాసేపు పలకలేదు. "మా నాయనమ్మ చాటలో బియ్యం చెరుగుతూ ఏదో పాడేదన్నా. మొదటి లైనే వస్తుంది."

"ఆ గాలి హోరు తీసేసి అది పెట్టు."

"మరి తర్వాతి లైను రాదుగా అన్నా?"